తోలు మీద రెండు గీతలు

అది నాలుగో పాదం. కుట్టుమెషిన్ పక్కన పరిచిన పాత పేపరు మీద, సూది దగ్గర తోలుని నొక్కిపట్టే పాదాలు మూడు అప్పటికే వరసగా పడి ఉన్నాయి. ఒకటి మెషిన్‌తో వచ్చిన ఇనప పాదం. రెండోది సబ్బుముక్కలా తెల్లగా, నున్నగా ఉండే టెఫ్లాన్ పాదం. మూడోదీ ఇనపదే, అడుగున కాగితం టేపు అంటించి ఉంది. ఇప్పుడు బాలస్వామి బిగిస్తున్నది చిన్న చక్రాలున్న పాదం. నిన్ననే గుడివాడ నుంచి బస్సులో పార్శిల్ వచ్చింది. బిగించాడు. దాని కింద తోలు పీలిక పెట్టి జానెడు కుట్టాడు. బయటికి తీసి వాకిట్లో ఎండకి ఏటవాలుగా పట్టి చూశాడు.

కుట్టుకి అటొక గీత, ఇటొక గీత. బండి చక్రాల జాడల్లా.

వెంటనే ఫోన్ తీశాడు.

"శోభనాద్రీ, నువ్వు పంపింది కొత్త పాదమేనా?"

"సీలు తీసింది మీరే కదండీ బాలస్వామిగారూ."

"సీలు మళ్లీ వెయ్యటం ఎంతసేపు?"

"ఏసుప్రభువే దిగొచ్చి చేతిలో పెట్టినా తిరగేసి చూస్తారండీ మీరు," అని నవ్వి పెట్టేశాడు గుడివాడలో మెషిన్ సామాన్లు అమ్మే శోభనాద్రి.

నవ్వినవాడిని బాలస్వామి ఇంకా ఎక్కువ అనుమానిస్తాడు.

అలమరలో గుడ్డ చుట్టి పెట్టిన తోలు కోసం ఈ తిప్పలన్నీ. పామర్రు నుంచి డేవిడ్ రాజు అనే అతను పది రోజుల కిందట తెచ్చాడు. అతని తండ్రి ఆర్టీసీ కండక్టరు. ఆయన ఇరవయ్యెనిమిదేళ్లు భుజాన వేసుకున్న సంచీ తోలు అది. ఆయన పోయాక, ఆ తోలుతో తన బైబిలుకి కవరు కుట్టించమని డేవిడ్ రాజు తల్లి ఎలీసబెతమ్మ అడిగిందట. రేపు ఆదివారం గుడికి పట్టుకెళ్లాలి. ఇవ్వాళ సాయంత్రం అయిదుకి వచ్చి తీసుకెళ్తానన్నాడు. సంచీ కుట్లు విప్పి పరిస్తే పుస్తకానికి సరిగ్గా సరిపోయింది, వేలెడు కూడా మిగల్లేదు. గుడ్డ తప్పు కుడితే విప్పి ఇస్త్రీ చేసుకోవచ్చు. తోలు అలా కాదు. సూది దిగిన చోట బెజ్జం, పాదం నొక్కిన చోట గీత, ఇక జన్మంతా ఉంటాయి.

బాలస్వామికి అరవయ్యొకటి. మొవ్వలో తండ్రి, తోలుకి బెజ్జాలు పొడిచే ఆరెతో చెప్పులు కుట్టేవాడు. పదహారో ఏట బందరు వచ్చి బండి సీట్లు కుట్టే కొట్లో పనికి కుదిరినవాడు, ఇరవయ్యేళ్లకి సొంత కొట్టు పెట్టుకున్నాడు. తోలు కొంటే నాలుగు మూలలూ లాగి చూస్తాడు. మనుషుల్నీ అంతే. కూతురికి సంబంధం వచ్చినప్పుడు పెళ్లికొడుకు ఆఫీసు ఎదురుగా టీ బడ్డీ దగ్గర మూడు రోజులు కాపు కాశాడు. నాలుగో రోజు ఆ కుర్రాడే వచ్చి, "ఎండలో ఎందుకండీ మావయ్యగారూ, లోపలికి రండి, టీ నేను ఇప్పిస్తాను," అన్నాడు. అంత మర్యాద ఎందుకో తేలక బాలస్వామి ముహూర్తం ఇంకో నెల వెనక్కి జరిపాడు.

ఇన్నేళ్లలో ఎవడూ తనని ముంచలేదని అతని గొప్ప. ఆ మాట నిజమే. దగ్గరికి వస్తేగా ముంచేది.

పదకొండేళ్లుగా దగ్గరగా ఉన్న మనిషి ఒక్కతే, రెండో మెషిన్ మీద కూర్చునే నాంచారమ్మ. గిలకలదిండి మనిషి. మొగుడు బోటు మీద వేటకి వెళ్తాడు. బండి సీట్ల రెక్సిన్ పనంతా ఆమెదే. తోలు మాత్రం ఆమె చేతికి ఇవ్వలేదు.

కిందటేడు ఒక కవరు కుడుతుండగా పాదం కింద తోలు జారి కుట్టు వంకర పోయింది. అప్పటినుంచి బాలస్వామి రోజూ పొద్దున కూర్చోగానే మెషిన్ నెత్తిన ఉన్న స్క్రూని గట్టిగా బిగిస్తూ వచ్చాడు. అది బిగిస్తే పాదం గట్టిగా నొక్కుతుంది, తోలు కదలదు. ఆ తర్వాతే గీతలు మొదలయ్యాయి. చిత్రంగా పొద్దున కుట్టినవాటికే పడేవి, మధ్యాహ్నం కుట్టినవి శుభ్రంగా వచ్చేవి. ఎండకి తోలు మెత్తబడుతుందని తేల్చుకుని, వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవాడు.

రెండు నెలల కిందట అసలు సంగతి కంటపడింది. తను అన్నానికి ఇంటికెళ్లి వచ్చేసరికి స్క్రూ వదులుగా ఉంటోంది. కొట్లో అప్పుడు ఉండేది నాంచారమ్మ ఒక్కతే. పైగా ఆమెకి గుడివాడ నుంచి ఫోన్లు వస్తున్నాయి. బయటికెళ్లి మాట్లాడుతోంది. వచ్చి ఏమీ చెప్పదు. అప్పటినుంచి రాగానే మళ్లీ బిగించుకుంటున్నాడు. మధ్యాహ్నప్పనికీ గీతలు పడసాగాయి.

నాలుగో పాదం బిగించిన ఆ రోజు, అన్నానికి వెళ్లేముందు స్క్రూ మీదా, దాని పక్కన మెషిన్ మీదా కలిపి ఎర్ర గోళ్లరంగుతో ఒక గీత గీశాడు. తిరిగొచ్చి చూస్తే రంగు రెండు ముక్కలై ఎడంగా ఉంది.

"నా మెషిన్ ముట్టుకున్నావా?"

నాంచారమ్మ కుట్టు ఆపలేదు. సీటు మూల తిప్పి, సూది దించి, అప్పుడు తలెత్తింది.

"ముట్టుకున్నాను బాబాయ్."

"ఎన్నాళ్లనించి?"

"మీకు గీతలు పడతన్నకాడ నించి. చెప్తే వింటారా మీరు? రెండున్నర చుట్లు వదులు చెయ్యండి. పాదం ఏదైతే ఏంటి, ఆ ఇనపదే పెట్టుకోండి. గొంతు మీద కాలేసి తొక్కినట్టు బిగిస్తే ఏ పాదం మాత్రం ఏం చేసుద్ది?"

"గుడివాడవాళ్లు నేర్పారా?"

"గుడివాడ సీట్ల కొట్టు ఆయన పనికి పిలవబట్టి ఏడాదయింది. రానంటానే ఉన్నాను. నిన్న కూడా రానన్నాను."

"ఏడాది నుంచీ పిలుస్తుంటే ఎందుకు వెళ్లలేదు మరి? ఇక్కడ నీకేం లాభం?"

దొరికిందన్నట్టు అడిగాడు.

"నాకూ ఇప్పుడే వచ్చింది బాబాయ్, ఆ అనుమానం," అంది నాంచారమ్మ. సూది మళ్లీ నడిచింది.

బాలస్వామి తన మెషిన్ ముందు కూర్చుని బేరీజు వేసుకున్నాడు. వదులు చేస్తే తోలు జారుతుంది. జారితే కండక్టరు సంచీ పాడవుతుంది. బాలస్వామి చెయ్యి పడిపోయిందన్న మాట పామర్రు దాకా పోతుంది. అప్పుడు ఈవిడ గుడివాడలో కూర్చుని తోలు పని కూడా పట్టేస్తుంది. ఎటు చూసినా లెక్క ఆమె వైపే మొగ్గుతోంది. ఉన్న పాదాల్లోకి నున్ననిదని టెఫ్లాన్‌ది పెట్టాడు. స్క్రూని ఇంకో అరచుట్టు బిగించాడు.

ముదురు గోధుమరంగు తోలు. తొడకి ఆనీ ఆనీ ఒక వైపు అద్దంలా నునుపుదేలింది. రెండు చేతులా పరిచి, శ్వాస బిగబట్టి, నాలుగు అంచులూ కుట్టాడు. ఒక్క కుట్టు కూడా పక్కకి పోలేదు. బయటికి తీశాడు.

కుట్టు పొడవునా రెండు గీతలు, నాలుగు వైపులా.

కొబ్బరినూనె గుడ్డతో తుడిచాడు. అరచేత్తో వెచ్చచేశాడు. గోరు వెనకవైపుతో సాపుచేశాడు. తోలు మెరిసింది గానీ గీతలు చెదరలేదు.

నాలుగింటికి నాంచారమ్మ సీటు పూర్తిచేసి దారం తెంపింది. మెషిన్ దుమ్ము బ్రష్షుతో దులిపింది. నాలుగు చుక్కలు నూనె వేసి, గుడ్డ కప్పి, క్యారేజీ సంచీలో పెట్టుకుంది. రోజూ ఆరింటికి, "వస్తాను బాబాయ్," అనేది.

"వెళ్తున్నాను బాబాయ్," అంది.

బాలస్వామి తోలు రుద్దుతూ, "ఊఁ," అన్నాడు.

అయిదింటికి డేవిడ్ రాజు వచ్చాడు. బైబిలుకి కవరు తొడిగి, అంచు వెంట బొటనవేలు పోనిచ్చి, ఒకచోట ఆగాడు.

"పాత తోలు కదండీ," అన్నాడు బాలస్వామి, అతను అడక్కుండానే.

"పర్లేదులెండి. అమ్మకి చూపు ఆనదు." పుస్తకాన్ని సంచీలో పెట్టుకుంటూ అన్నాడు, "చేత్తో తడుముకుంటది, అంతే."

అతను వెళ్లాక బాలస్వామి కుర్చీలో కూర్చునే పేపరు మీది పాదాల్ని ఏరిపెట్టాడు. ఆరయింది. 'వస్తాను బాబాయ్' అన్న మాట వినపడలేదు. అప్పుడు లేచి రెండో మెషిన్ మీది గుడ్డ తీశాడు. ఆమె ఏం పట్టుకుపోయిందో చూద్దామనే తీశాడు. కత్తెర ఉంది. సూదుల డబ్బా ఉంది. బాబిన్లు పన్నెండూ ఉన్నాయి.

పాదం కింద ఏదో మడిచి పెట్టి ఉంది. ఎత్తి లాగాడు. తన పీలికల బుట్టలోదే, అరచెయ్యంత తోలు ముక్క. దాని మీద ఒకదాని పక్కన ఒకటి, దగ్గర దగ్గర ముప్పై వరసలు, ఒక్కటీ వంకర పోకుండా కుట్టి ఉన్నాయి. నాంచారమ్మ మెషిన్‌కి ఉన్నది ఒక్కటే పాదం, మామూలు ఇనపది. మొదటి వరసల పక్కన గీతలు లోతుగా ఉన్నాయి. పోనుపోను పలచబడ్డాయి. చివరి అయిదారు వరసల దగ్గర అతను వాకిట్లోకి వచ్చి ఎటు వంచి చూసినా కుట్టు తప్ప ఇంకేమీ లేదు, తోలు పుట్టినప్పటి తోలులాగే ఉంది.