గరిటె రుచి చూడని వంటాయన

కబురు తెలిసేసరికి పెద్దకోడలు కళ్లజోళ్ల దుకాణంలో వెనక గదిలో కూర్చుని ఎవరివో అద్దాలు అరగదీస్తోంది. ఓడ నవలల్లో పదకొండోది, ఆఖరిది, శనివారం మధ్యాహ్నం విడుదలవుతుందట. రచయిత్రి స్వయంగా వస్తుందట. వేదిక మీద ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడడానికి పాఠకుల్లోంచి ఒక్కరిని పిలిచారట. ఆ ఒక్కరూ ఎవరో కాదు, తన ఇంట్లోనే మేడమీద వాటాలో ఉండే తోడికోడలు. పెద్దకోడలికి కడుపు భగ్గుమంది. చేతిలో అద్దం ఉండవలసినదానికన్నా ఎక్కువ అరిగిపోయింది. దాన్ని పక్కన పడేసి కొత్తది తీయాల్సి వచ్చింది.

మండదా మరి? పదిహేడేళ్లుగా ఆ నవలల మీద రాస్తున్నది తను. ఓడలో వంటచేసే ఓ పెద్దాయన హత్యల గుట్టు విప్పే ఆ పుస్తకాల్ని ఒక్కొక్కటీ పదేసి సార్లు చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో నంబరుతో సహా అభిమానుల వెబ్‌సైటులో పెట్టింది తను. అక్కడ అందరూ తనను పేజీల పెద్దమ్మ అంటారు. అందరూ అంటే రెండువందల పన్నెండుమంది. చిన్నకోడలి వీడియోలు చూసేవాళ్లు అరవైవేలు.

అసలు మంట అది కూడా కాదు. ఆ పిల్ల చేతిలో మొదటి పుస్తకం పెట్టిందే తను. నాలుగేళ్ల కిందట కాపురానికి వచ్చినప్పుడు దానికి పుస్తకం ఏ వైపునుంచి తెరవాలో కూడా తెలియదు. పోనీలే, పొద్దుపోతుంది చదువుకోమని తనే ఇచ్చింది. ఏడాది తిరక్కుండా అది ఫోను కిటికీకి ఆనించి, జుట్టు సర్దుకుని, "హలో ఫ్రెండ్స్" మొదలుపెట్టింది. రోజూ పొద్దున టీ కప్పుతో కిందికి దిగి, "అక్కా, ఇవాళ్టికి ఒక్క పాయింటు చెప్పవూ" అంటుంది. అక్క చెబుతుంది. సాయంత్రానికల్లా ఆ పాయింటు సింగారించుకుని అరవైవేలమంది ముందు నిలబడుతుంది. మా అక్క చెప్పిందన్న మాట మాత్రం ఒక్కనాడూ దాని నోట రాలేదు. పెద్దకోడలికి దక్కిన గౌరవమల్లా ఒక్కటే. కొత్త పుస్తకం ఏదొచ్చినా ముందు కింది వాటాలో తను చదివి, పెన్సిలుతో గీతలు పెట్టాకే అది మేడ ఎక్కాలి. అది ఆ ఇంట్లో రూలు.

"ఆ కుర్చీ నాది" అంది ఆ సాయంత్రం మొగుడితో.

"కుర్చీదేముంది, మనింట్లో ఆరున్నాయి" అన్నాడాయన పేపరు దించకుండా. ఆయనతో ఏం చెప్పుకుంటుంది?

మర్నాడు పొద్దున చిన్నకోడలు దిగింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, నాకు చేతులు చల్లబడిపోతున్నాయి. ఆవిడ ముందు నేనేం మాట్లాడను? ఇంతవరకూ ఎవరూ అనని మాట ఒక్కటి చెప్పక్కా, నీకు పుణ్యముంటుంది."

పెద్దకోడలు గిన్నె తోముతోంది. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు.

"వంటాయన ప్రతి పుస్తకంలోనూ వడ్డించేముందు గరిటెతో తీసి రుచి చూస్తాడు కదా? మూడోదాంట్లో ఒక్కసారి కూడా చూడడు. ఎందుకని అడుగు."

"నిజంగానా?"

"నేనెప్పుడైనా తప్పు చెప్పానా?"

చెప్పలేదు. కానీ ఇది పచ్చి అబద్ధం. మూడో పుస్తకంలో తుపాను రోజున వంటాయన సూపు నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకోవడం పెద్దకోడలికి కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. శనివారం నాలుగువందలమంది ముందు రచయిత్రి "అలా ఎక్కడుందమ్మా, మీరసలు చదివారా?" అంటుంది. దాంతో సరి. అరవైవేలమందికీ దీని బండారం తెలిసిపోతుంది. ఎప్పుడూ సరిచూసుకునే అలవాటు లేదు, అక్క మాటంటే అంత నమ్మకం ఆ పిల్లకు. ఆ నమ్మకం గుర్తొచ్చి ఎక్కడో కలుక్కుమంది. గిన్నెను మరికాస్త గట్టిగా తోమింది.

శనివారం దుకాణానికి సెలవు పెట్టి, మంచి చీర కట్టుకుని, మూడో వరసలో కూర్చుంది. వేదిక మీద రెండు కుర్చీలు, మధ్య చిన్న బల్ల, దాని మీద కొత్త పుస్తకం. రచయిత్రి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మాటమాటకీ కళ్లజోడు పైకి తోసుకుంటోంది. దాని ఫ్రేము వదులైంది, రెండు నిమిషాలు తన చేతికిస్తే బిగించి ఇచ్చేది. పదిహేడేళ్లకు ఆవిణ్ణి ఇంత దగ్గరగా చూస్తుంటే ఏడుపొచ్చింది. ఆ పక్కన కూర్చున్నదాన్ని చూస్తే ఏడుపు కాస్తా ఎగిరిపోయింది.

చిన్నకోడలు మైకు పట్టుకుంది. గరిటె సంగతి అడిగింది.

రచయిత్రి కళ్లజోడు పైకి తోసుకుని చిన్నకోడలి వంక చూసింది. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటూ పెద్దకోడలు చేతిసంచిని ఒళ్లో అదిమి పట్టుకుంది.

"పదమూడేళ్లయింది" అంది రచయిత్రి నెమ్మదిగా. "ఆ పుస్తకంలో అతనికి జ్వరం వచ్చి నాలికకు రుచి తెలియకుండా పోతుంది. దాని మీద ఒక అధ్యాయం రాశాను. సాగుతోందని అచ్చులో తీసేశారు. నేను మొండికేసి మిగతా పుస్తకంలో అతని చేత రుచి చూపించలేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని చూశాను, చూశాను, వదిలేశాను. మీరు పట్టుకున్నారు."

హాలంతా చప్పట్లు. పెద్దకోడలు చేతిసంచి వదిలేసింది. మరి ఆ సూపు? ఆ తుపాను? ఏ పుస్తకంలోది తెచ్చి ఏ పుస్తకంలో పెట్టుకుంది తను?

"నేను కాదండీ" అంది చిన్నకోడలు. "మా అక్క. నా వీడియోల్లో చెప్పినవన్నీ కూడా ఆవిడవే. ఆ మాట చెబితే నా దగ్గర ఇంకేం మిగలదని భయపడి ఇన్నాళ్లూ చెప్పలేదు. అదిగో, మూడో వరసలో ఉంది."

నాలుగువందల తలలు ఇటు తిరిగాయి. ఎవరో లేవదీశారు, ఎవరో చేతిలో మైకు పెట్టారు. రచయిత్రి వేదిక అంచుదాకా వచ్చి, కళ్లజోడు తోసుకుని, ఆమె మొహంలోకి చూసింది.

"ఎలా పట్టుకున్నారండీ?"

ఈ చూపు కోసం, ఈ ప్రశ్న కోసం ఆమె పదిహేడేళ్లు రాసింది. చదువుతుంటే తట్టిందండీ అంటే సరిపోయేది. కానీ లేని పేజీకి నంబరు వేయడం ఆమెకు చేతకాదు. ఒకసారి అబద్ధం చెప్పింది, అది నిజమై కూర్చుంది. రెండోది నోట్లోంచి రాలేదు.

"పట్టుకోలేదండీ" అంది. "రుచి చూస్తాడనే అనుకున్నాను. మా చెల్లి మీ ముందు తప్పు మాట్లాడి నవ్వులపాలు కావాలని అల్లి చెప్పాను."

హాలు గొల్లున నవ్వింది. రచయిత్రి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఎంత చమత్కారంగా తప్పించుకుందో చూడమని వెనక వరసలో ఎవరో మెచ్చుకున్నారు. మళ్లీ చప్పట్లు కొట్టారు. చిన్నకోడలు ఒక్కతే నవ్వలేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రచయిత్రి సంతకం చేసిచ్చిన కొత్త పుస్తకం చిన్నకోడలి ఒళ్లో ఉంది. నాలుగు స్టాపులు దాటాక అడిగింది.

"అక్కా, ఆ గరిటె మాట అబద్ధమే అయ్యుంటే మధ్యలో లేచి వెళ్లిపోయేదానివా, చివరిదాకా చూసేదానివా?"

"చివరిదాకా చూసేదాన్ని."

చిన్నకోడలు తలూపింది.

"మూడో పుస్తకం ఈ వారంలో రెండుసార్లు చదివాను" అంది. "వేదిక భయం కొద్దీ కాదు. నువ్వొక్కసారైనా తప్పు చెబితే చూడాలని. ఎక్కడైనా ఓ గరిటె దొరక్కపోతుందా అని ప్రతి పేజీ వెతికాను. దొరకలేదు. ఎంత ఏడుపొచ్చిందో."

ఈ పిల్ల తనను చూసి కుళ్లుకుంటుందని పెద్దకోడలు కలలో కూడా అనుకోలేదు.

ఇల్లు చేరారు. మెట్ల దగ్గర అలవాటుకొద్దీ పెద్దకోడలి చెయ్యి పుస్తకం కోసం ముందుకొచ్చింది.

"ఈసారి ముందు నేను చదువుతా అక్కా" అంది చిన్నకోడలు. కోపంగా అనలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

"ఏమైంది, దొరికిందా కుర్చీ?" అన్నాడు మొగుడు.

"నిలబెట్టి మాట్లాడించారు" అంది పెద్దకోడలు. అరలోంచి మూడో పుస్తకం తీసి, పెన్సిలు చెక్కుకుని, మొదటి పేజీ తెరిచింది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. మొదలుపెట్టినట్టుంది. పెద్దకోడలు ఇంటికప్పు వంక చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు ఎన్నో పేజీలో ఉందో.