మెత్తని బ్రేకు

పాతబంగారం నోరు తెరిస్తే షెడ్డులో చచ్చిపడున్న ఇంజను కూడా లేచి కూర్చుంటుందని పేరు. లేచి కూర్చున్నది కదులుతుందా అని మాత్రం ఎవరూ అడగకూడదు. పాతబంగారం అన్నది అతని వీడియో చానెల్ పేరు. వాడిన కార్ల మీద అతను చెప్పే ముచ్చట్లు జనానికి ఎంత నచ్చాయంటే, అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇప్పుడు డ్రైవింగ్ లైసెన్సు మీద తప్ప ఎక్కడా కనిపించదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇతని నోరు మంచిదైతే బండి మంచిదయ్యేది.

అతనికి సొంత కారు లేదు. పాత కార్ల షోరూము మీద ఉన్న పైగదే ఇల్లు, అదే స్టూడియో. షోరూము యజమాని అద్దె అడగడు. ఆ షోరూములో ఉన్న బండి గురించి ఇతను చెడ్డమాట అనడు. ఈ ఒప్పందాన్ని ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకుంటే ఇద్దరికీ సిగ్గేసేది.

అలాంటి బతుక్కి ఒక భాష కావాలి కదా, పాతబంగారం దాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు. ఇంజను గురగురలాడితే గొంతులో గాంభీర్యం. స్టీరింగు ఎడమకి లాగితే బండికి సొంత అభిప్రాయం ఉంది. పెయింటు ఊడితే అనుభవం. వెతికితే ఒక్క అబద్ధం దొరకదు, నిజం అంతకన్నా దొరకదు.

పోయిన నెల అతను పెట్టిన వీడియోకి జనం విరగబడ్డారు. డేగ గుర్తు కారా, లంగరు గుర్తు కారా? రెండూ ఐరోపా సెడాన్లే, రెండూ ఒకరిద్దరి చేతులు మారినవే. వాటి అభిమానులకి మాత్రం ఒకే ఇంటి తోడల్లుళ్ళలా ఒకరి గొప్ప ఒకరికి గిట్టదు. డేగ షోరూముది. లంగరు రోడ్డుకి అవతల ఉన్న షెడ్డువాడిది. కాబట్టి ఏది గెలుస్తుందో కెమెరా పెట్టకముందే తేలిపోయింది.

నిజం చెప్పాలంటే డేగ చూడ్డానికి అందగత్తే. వాడి ముక్కు, చురుకైన దీపాలు, ఎర్రతోలు సీట్లు. లంగరు పెట్టెకి చక్రాలు బిగించినట్టుంటుంది. తలుపు వేస్తే బీరువా మూసినట్టు ధబ్బుమంటుంది, బ్రేకు తొక్కితే తొక్కినచోట ఆగుతుంది. "ఆగడమే గొప్పా మిత్రులారా? ఆగడం కరెంటు స్తంభానికీ వచ్చు!" అని పాతబంగారం ఎగతాళి చేశాడు. ఆ ముక్కని జనం ఒకరికొకరు తెగ పంచుకున్నారు.

షూటింగులో జరిగిన ఒక్క సంగతి మాత్రం ఆ వీడియోలో లేదు. షోరూము వెనక ఏటవాలులో డేగని దింపుతూ అతను బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది, కారు మాత్రం ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. మూడోసారి తొక్కితే, ప్రహరీగోడ ఇంకో జానెడు ఉందనగా, పోనీలే పాపం అన్నట్టు ఆగింది. అతను తలుపు తోసుకుని బయటపడ్డాడు. యజమాని నింపాదిగా వచ్చి, "బ్రేకు కాస్త మెత్తనండీ, అంతే" అన్నాడు. పాతబంగారం ఆ ముక్క కత్తిరించి పారేసి, మొహం తుడుచుకుని, కెమెరా ముందుకొచ్చి నవ్వాడు.

"ఇక బ్రేకంటారా? మెత్తన! పట్టుదిండు మీద పాదం పెట్టినట్టు!"

పది రోజులు తిరక్కుండా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, మేం డేగ తీసుకుంటున్నాం. మీ బావ నీ వీడియో చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. ఆదివారం వస్తాం."

చెల్లెలిది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఇల్లేమో గుట్ట మీది కాలనీలో. రోజూ పొద్దున్నే ఆ వాలు దిగి, ఇద్దరాడపిల్లల్ని బడిలో దింపి, ల్యాబుకి పోవాలి. పాతబంగారానికి ఆ గుట్ట దారి కళ్ళముందు నిలిచింది, దాని వెంటే నేలదాకా దిగిపోయిన పెడల్ కూడా. చెప్పకపోతే ఆ కారులో తిరిగేది తోడబుట్టినది. చెబితే, సొంత చెల్లెలే వద్దన్న కారని ఊరంతా తెలుస్తుంది, పైగది పోతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పట్టకపోవడమే తన మంచితనానికి సాక్ష్యమని కాసేపు సంబరపడ్డాడు కూడా.

శనివారం చెప్పేద్దామనే వెళ్ళాడు. చెల్లెలు హాల్లో పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తోంది.

"చెల్లీ, ఆ బ్రేకు..."

"ఆఁ, అదే అడుగుదామనుకున్నా. గుట్ట దిగాలి కదా. గట్టిగా పడుతుందా?"

నిజం గొంతుదాకా వచ్చింది. అక్కణ్ణించి అలవాటు ప్రకారం పక్కదారి పట్టింది. "మెత్తగా ఉంటుంది."

"మెత్తనంటే మంచిదేనా?"

"అదో అనుభవం."

"నీకేం, మాటలతో మేడలు కడతావ్." చెల్లెలు కాలరు తిరగేసి పెట్టెతో నొక్కింది. "నేనైతే సూది గుచ్చేముందే చెప్పేస్తా, కాస్త నొప్పి పుడుతుందని. చెబితే కదలకుండా కూర్చుంటారు. చెప్పకపోతే ఇంకోసారి మన దగ్గరికి రారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోబోయి, పాతబంగారం ఆ మాట తన మీద కాదేమోలే అనుకుంటూ కాఫీ తాగి వచ్చేశాడు.

ఆదివారం పొద్దున్న అందరూ షోరూము ముందు దిగారు. బావ స్కూల్లో సైన్సు మాస్టారు. వేగం, ఘర్షణ అంటూ పిల్లలకి బోర్డు మీద బొమ్మలేసి చెప్పే మనిషి, బావమరిది కబుర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం సుద్దముక్క కింద పెట్టేస్తాడు. యజమాని తాళాలు పట్టుకుని, చెవులదాకా నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నేను నడుపుతాలే చెల్లీ," అన్నాడు పాతబంగారం.

"రోజూ నడపాల్సింది నేనైతే నువ్వెందుకు?" చెల్లెలు తాళాలు అందుకుని ఒక్కక్షణం ఆగింది. "ఏం ఫరవాలేదుగా అన్నయ్యా?"

యజమాని పక్కనే ఉన్నాడు. "ఏం ఫరవాలేదు," అన్నాడు పాతబంగారం. ఈపాటికి బాగుచేయించే ఉంటాడులే అనుకున్నాడు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఊళ్ళో కార్లన్నిటి గురించీ మాట్లాడిన నోరది.

వెనకసీట్లో మేనకోడళ్ళిద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చున్నాడు. బావ ముందుసీట్లో ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. మొదటి మలుపులో బ్రేకు పడింది. స్పీడుబ్రేకరు దగ్గరా పడింది. చూశావా, ఊరికే భయపడ్డాను, అని పాతబంగారం మనసులో భుజం తట్టుకున్నాడు. అంతలో కారు గుట్ట ఎక్కి, అవతలి వాలులోకి దిగింది. వాలు సగంలో సిగ్నలు ఎర్రగా ఉంది, దాని ముందు సిమెంటు లారీ ఆగి ఉంది.

చెల్లెలు బ్రేకు తొక్కింది. ఆమె మోకాలు ముందుకు దిగిపోవడం వెనకనుంచి అతను చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒక్కసారికి పడదు చెల్లీ! మళ్ళీ తొక్కు! మూడోసారికి గాని పడదు! గోడ దగ్గరా ఇంతే చేసింది! హ్యాండ్‌బ్రేకు లాగు, లాగు!"

చెల్లెలు లాగింది. డేగ కీచుమని అరిచి, వంకరగా జారి, లారీ వెనకచక్రాల దాకా వచ్చి ఆగింది.

"మామయ్యా, చెయ్యి నొప్పి," అంది చిన్నది. తను వాళ్ళిద్దరి చేతులూ ఎంత గట్టిగా బిగించి పట్టుకున్నాడో అతనికప్పుడే తెలిసింది.

చెల్లెలు వెనక్కి తిరిగింది. "గోడేంటి? నీకు ముందే తెలుసా?"

"అంటే, ఆ బండి స్వభావం..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసి నా పిల్లల్ని ఎక్కనిచ్చావా?"

పాతబంగారం నోరు తెరిచాడు. అన్నేళ్ళుగా అడగకుండానే ఊరిన మాటల్లో ఒక్కటీ రాలేదు.

"బావా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. చేతిలో ఫోను ఇంకా పైకే ఉంది. "నువ్వు సంతోషిస్తావని నీ అభిమానుల గుంపులో లైవ్ పెట్టాను. అందరూ వింటున్నారు."

చెల్లెలు భర్త చేతిలోంచి ఫోను లాక్కుని వెనకసీటు వైపు తిప్పింది.

"మిత్రులారా, ఈయన మా అన్నయ్య. పాత మోడలే గాని పైకి ఒక్క మచ్చుండదు. గొంతులో గాంభీర్యం వింటూనే ఉన్నారుగా. మనిషి చాలా మెత్తన." ఆమె ఊపిరి తీసుకుంది. "మూడోసారి తొక్కితే గాని పలకడు."

ఫోను కట్టేసి దిగింది. పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా గుట్ట ఎక్కసాగింది. బావ ఒకసారి కారు వంకా ఒకసారి బావమరిది వంకా చూసి, ఆమె వెనకే నడిచాడు.

సిగ్నలు పచ్చబడి లారీ వెళ్ళిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. పాతబంగారం జేబులో ఫోను మోగుతోంది, షోరూము నంబరు. కారుని నడిరోడ్డు మీంచి పక్కకి తియ్యాలి. అతను డ్రైవరు సీట్లోకి మారి, హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేశాడు. ఎదర ఇంకా బోలెడు వాలుంది. ఆ పట్టుదిండు మీద పాదం పెట్టడానికి మాత్రం అతనికి ధైర్యం చాలలేదు.