జరగని సదస్సు

ప్రిన్సిపాల్ గారి గదిలో ఏసీ ఉంది కాబట్టి తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆ రోజు నేను ఫైలు పట్టుకుని లోపలికి వెళ్ళగానే అటెండర్ వెనక నుంచి తలుపు దబ్బున లాగేశాడు. కుర్చీలో ఉన్న అమ్మాయి ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఆ చప్పుడుకి అంత భయం ఎందుకో గదిలో అందరికీ తెలుసు. తలుపు తియ్యమని ఒక్కరూ అనలేదు, నేను కూడా.

ఆఫీసులో క్లర్కులం మేమంతా ఆ అమ్మాయిని పిచ్చుక అంటాం. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నా కిటికీ దగ్గరకొచ్చి బస్ పాస్ ఫారం అడిగితే రెండుసార్లు కసిరితే గానీ గొంతు పెగిలేది కాదు. అలాంటి పిల్ల ఫిర్యాదు రాసింది. ల్యాబ్‌లో జూనియర్లకు సాయం చేసే ఫైనలియర్ కుర్రాడు బీకర్లు తెమ్మని సామాన్ల గదిలోకి పంపి, వెనకే వచ్చి గడియ పెట్టాడు. వద్దన్నా వినకుండా ఒంటి మీద చెయ్యి వేశాడు. ఇరవై మూడు రోజులు కుమిలి కుమిలి ఆ కాగితం తెచ్చి ఇచ్చింది. దాన్ని కొట్టేస్తే సోమవారం మళ్ళీ అదే ల్యాబ్, అదే కుర్రాడు.

"ఇన్ని రోజులు ఏం చేశావమ్మా?" అని ప్రిన్సిపాల్ గారు మెత్తగా అడిగారు. ఆయన మెత్తగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఎవరికి చెప్పాలో తెలీలేదు సార్."

"తెలీకపోవడమేంటి?" అంటూ ఆయన నా వైపు చెయ్యి చాపారు. ఫైలు ఇచ్చాను.

లైంగిక వేధింపుల నివారణ మీద మా కాలేజీలో జరిగిన అవగాహన సదస్సు రిపోర్టు అది. వేధింపు అంటే ఏమిటి, ఎదురైతే ఒక్క రోజులోపు ఎవరికి చెప్పాలి, అన్నీ అందులో ఉన్నాయి. చివర రెండు వందల నలభై సంతకాలు. ఒక్క లోపం లేదు, ఎందుకంటే ఆ సదస్సు జరగనే లేదు. తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతారని ఆరేళ్ళుగా పాత రిపోర్టులో తేదీ మార్చి నేనే టైపు చేస్తున్నాను. హాల్‌టికెట్లు ఇచ్చే రోజు ఆ కాగితాలు కౌంటర్ మీద పెట్టి, "ఇక్కడో సంతకం గీకి టికెట్ తీసుకో, కదులు కదులు" అంటాను. పరీక్షల గాభరాలో ఉన్న పిల్లలు అదేమిటని చదువుతారా? "విద్యార్థులు ఉత్సాహంగా ప్రశ్నలు అడిగారు" అనే వాక్యం కూడా నాదే. దాని మీద ఆఫీసులో జోకులు వేసుకుని నవ్వుకునేవాళ్ళం.

"ఇది నీ సంతకమే కదా?" అని ప్రిన్సిపాల్ గారు కాగితం ఆ అమ్మాయి ముందుకు తోశారు.

పిచ్చుక వంగి చూసింది. "నాదే సార్."

"ఒక్క రోజులో చెప్పాలని నేర్చుకున్నావు, చెప్పలేదు. అంటే చెప్పాల్సినంత ఏమీ జరగలేదనేగా?"

ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీకి పెద్ద, పక్క కుర్చీలో ఉన్న లెక్కల మేడమ్. ఆవిడ కాగితం తన వైపు లాక్కుని వేలు పెట్టి చూపించింది. "ఆ అబ్బాయి సంతకమూ ఉంది సార్. అతనూ నేర్చుకున్నట్టేగా మరి?"

"మగపిల్లలు ఇలాంటివి చెవిన పెడతారా మేడమ్?" అని ఆయన నవ్వి నా వైపు తిరిగారు. "సదస్సు జరిగిందని క్లర్క్ మేడమ్ ఒక్క మాట చెబితే అయిపోతుంది."

జరగలేదంటే దొంగ కాగితం పుట్టించింది నేనే అవుతాను. అంతా ఆయన నోటిమాటగా చేయించారు, రిపోర్టులో ఆయన చేతి గీత ఒక్కటి లేదు. జరిగిందంటే ఆ పిల్ల నోరు నొక్కింది నేనే అవుతాను. మా ఇల్లు నడిచేది నా ఒక్క ఉద్యోగం మీద. భయపడ్డాను, దాచుకోవడానికేముంది.

"జరిగింది సార్," అన్నాను.

పిచ్చుక నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అబద్ధమని అరిచినా బాగుండేది. నమ్మేసింది.

"అయితే ఆ రోజు నేను సరిగ్గా వినలేదేమో మేడమ్," అంది నాతో. "ఇప్పుడైనా చెప్పరా? గడియ పెట్టేస్తే ఏం చెయ్యమన్నారు? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. అలా అరవకపోతే తప్పు నాదే అవుతుందా?"

దెప్పడానికి అన్న మాటలు కావవి, నిజంగానే అడుగుతోంది. తప్పంతా తను వినకపోవడంలో ఉందనుకుంటోంది.

"నువ్వు వినకపోవడం కాదమ్మా," అన్నాను. "ఎవరూ ఏమీ చెప్పలేదు. సదస్సు జరగలేదు. హాల్‌టికెట్ ఇచ్చేటప్పుడు నేనే మీ అందరిచేత సంతకాలు పెట్టించుకున్నాను."

ప్రిన్సిపాల్ గారి నవ్వు ఆగిపోయింది. "ఏం మాట్లాడుతున్నారో తెలుస్తోందా? టైపు చేసింది మీరు. సంతకాలు తీసుకుంది మీరు. మెమో మీ పేరు మీదే వస్తుంది."

"తెలుసు సార్."

లెక్కల మేడమ్ అప్పటికే రాస్తోంది. ఆలస్యమైందన్న కారణం చెల్లదనీ, విచారణ పూర్తయ్యేదాకా ఆ కుర్రాడు ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదనీ పైకి చదివి, సంతకం కోసం ఆయన ముందు పెట్టింది. దొంగ సదస్సు సంగతి బయటికి పొక్కితే కాలేజీ పరువు పోతుందనుకున్నారేమో, ఆయన పెన్ను తీసి పెట్టారు.

పిచ్చుక ఇంకా నన్నే చూస్తోంది. మా గొడవేదీ ఆ పిల్ల చెవికి ఎక్కలేదు. తను అడిగినదానికి జవాబు కోసం నిలబడింది.

"తప్పు నీది కాదు," అన్నాను. "అరవలేకపోయినా నీది కాదు. ఎప్పుడు చెప్పినా నీది కాదు."

పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. "ఈ మాట ఆ కాగితంలో ఉందా మేడమ్?"

లేదని చెప్పాల్సి వచ్చింది.