అగ్గిపెట్టెలో ఆకుపచ్చ గుండీ

మా తమ్ముడికి నాలుగున్నరేళ్లు. అందరం వాణ్ణి మేస్త్రి అంటాం. అమ్మ కుట్టుమిషన్ పక్కన కూర్చుని చెప్పుల డబ్బాలు, ఖాళీ దారపు రీళ్లు, అగ్గిపెట్టెలు, మైదా జిగురుతో ఇప్పటికి ఓ తొమ్మిది వందల ఇళ్లు కట్టి ఉంటాడు.

అమ్మ వాడి పనిలో వేలు పెట్టదు. "తర్వాత ఏం చేస్తే బాగుంటుంది మేస్త్రీ?" అని అడిగి ఊరుకుంటుంది. వాడు కట్టింది వాడే విప్పాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఈసారి వాడు మా ఇల్లే కట్టాడు. డబ్బాలో నాలుగు గుండీలు. నీలం అమ్మ, గోధుమరంగు నాన్న, ఎర్రది వాడు, అంచు విరిగిన ఆకుపచ్చది నేను.

"విరిగిందెందుకురా?"

"నీకు ముందు పన్ను లేదుగా."

పగ తీర్చుకోవాలా వద్దా? ఆదివారం వాడు స్నానానికి వెళ్లగానే నా గుండీని వాడు అగ్గిపెట్టెతో చేసిన అల్మారాలో పెట్టి, జిగురు పూసి మూసేశాను. వాడు వెతుక్కుని ఏడుస్తుంటే చూద్దామని తలుపు చాటున నిలబడ్డాను.

వాడు ఏడవలేదు. డబ్బాలోకి చూసి, "అమ్మా, అక్క లేదు," అన్నాడు.

"ఏ అక్కరా?" అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

నా తల్లి కదా, ఆమాత్రం నటన రాకపోతే ఎలా అని మెచ్చుకున్నాను. ఎదురుగా వెళ్లి, ముగ్గురు టీచర్ల చేత సెలవు పెట్టించిన నా కోతి మొహం పెట్టాను. అమ్మ నాలోంచి గోడ గడియారం చూసుకుంది. నాన్న చెవి మెలేస్తే, దోమేమో అనుకుని గోక్కున్నాడు. భోజనానికి మూడు ప్లేట్లే తీశాడు.

అద్దంలో చూశాను. వెనక గోడ ఉంది. నేను లేను.

అప్పుడు వచ్చింది జిగురు వాసన, నాలుగు వైపుల నుంచీ. నా మెడ వెనక ఎవరో ముక్కు ఎగపీలుస్తున్నారు.

పరుగెత్తి అగ్గిపెట్టె లాగాను. కదల్లేదు. మేస్త్రి మాత్రం నన్నే చూస్తున్నాడు.

"తెరువురా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"అంటుకుపోయింది. నాకు రాదు," అని వాడు సీసా మూతలతో ఆడుకోవడానికి లేచాడు.

వాడు వెళ్తే నా పని అయిపోయినట్టే. ఏడుపు మింగేసి, అమ్మలాగే అడిగాను. "తర్వాత ఏం చేస్తే బాగుంటుంది మేస్త్రీ?"

వాడు ఆగాడు. బుగ్గ గోక్కున్నాడు. "గిన్నెకి జిగురంటితే అమ్మ నానబెడుతుంది."

తడిగుడ్డ తెచ్చి అగ్గిపెట్టె మీద కప్పాడు. పదమూడు వదిలేసి ఇరవై దాకా లెక్కపెట్టాడు. నాకది నాలుగు తరగతులు చదివినంత పొడుగ్గా అనిపించింది. మెల్లిగా నెట్టాడు. పెట్టె జారింది.

"ఏమే, అక్కడ దిష్టిబొమ్మలా నిలబడ్డావేం? ప్లేట్లు పెట్టు," అంది అమ్మ.

అంత తియ్యటి తిట్టు నేనెప్పుడూ వినలేదు. తిరిగి చూస్తే తమ్ముడు నా ఆకుపచ్చ గుండీని డబ్బాలో పెట్టి, దాని పక్కన ఇంకోటి పెడుతున్నాడు. నల్లది. నేను పెట్టింది కాదు.

"ఇదెవర్రా?"

"నీకంటే ముందునుంచే లోపలున్నాడు."

నేను నాలుగు ప్లేట్లు సర్దాను. అమ్మ చూసి చిరాకు పడింది.

"నాలుగేంటే? పెద్దోడు తినొద్దా?"

నాన్న తలెత్తనే లేదు. నేను ఐదోది తెచ్చాను. నా పక్క కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. ఎవరో ముక్కు ఎగపీల్చారు.