సొంత చెల్లెలు

అన్నం పెట్టేది చర్చి, తాళం వేసేది పోలీసులు. ఈ రెండూ ఒకే గేటు దగ్గర ఎలా కుదిరాయో ఆ దేవుడికే తెలియాలి. రెండు వేల ఎనిమిదిలో, ఒరిస్సా వైపు కొండల్లో ప్రార్థన ఇళ్లు తగలబెడుతుంటే, ప్రాణాలు అరచేత పట్టుకుని ఇరవై ముగ్గురు సరిహద్దు గట్టు దాటి, పెదబయలుకి అవతల ఉన్న కొండిపుట్టులో వచ్చిపడ్డారు. దసరా సెలవులకి పిల్లలు వెళ్లిపోయి మిషన్ హాస్టలు ఖాళీగా ఉంది. పాస్టరు రవిబాబు తలుపులు తెరిచి, దుప్పట్లు పంచి, వంటకి ఊళ్లోని కనకని పిలిచాడు. మంచి మనిషే. పైనుంచి ఆర్డరు రాగానే గేటు తాళంచెవి తీసుకెళ్లి పోలీసుల చేతిలో పెట్టింది కూడా ఆయనే.

కనకకి ఒళ్లు మండిపోయింది. “అయ్యగారూ, తాళం ఏసి కూడు పెడితే పున్నెమొత్తాదా? పశువుల సాలలోనూ అదే కదా సేత్తాం!”

“వాళ్ల రక్షణ కోసమే కనకమ్మా. తాళం వద్దంటే అసలు ఉంచుకోవద్దంటారు. అప్పుడు ఆ ముద్ద కూడా ఉండదు” అన్నాడు పాస్టరు, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఊళ్లోనూ ఇదే రగడ. వాళ్లని బయటికి వదిలితే వాళ్ల వెంట ఆ గొడవలు కూడా వస్తాయని సగం మంది, ప్రాణభయంతో వచ్చినవాళ్లని దొంగల్లా బంధిస్తారా అని సగం మంది. చర్చి కమిటీ మూడు గంటలు వాదించుకుంది. ఆఖరికి ఆదివారం తలా ఒక గుడ్డు పెట్టాలని తీర్మానించి లేచింది.

ఆ ఇరవై ముగ్గురిలో గురుబారి ఒకతి. మొగుణ్ని కళ్లెదుటే కొట్టి చంపారు. మూడేళ్ల ఆడగుంటని చంకనేసుకుని అడవిలో నాలుగు రోజులు నడిచింది. మళ్లీ ఊళ్లో కనిపిస్తే నీకూ అదే గతి అని చంపినవాళ్లు పేరుపెట్టి మరీ చెప్పారట. ఆమె కనక పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఇద్దరూ ఆదివాసీ ఒరియాలో మాట్లాడుకునేవారు. మూడో రోజున కనక అలవాటుగా పుట్టింటి గోత్రం అడిగింది. పులి అంది గురుబారి.

కనక చేతిలో చేట అలాగే ఆగిపోయింది. తనూ పులే! ఆ కొండల్లో ఒక గోత్రంలో పుట్టారంటే ఇక అడగాల్సిందేమీ ఉండదు. గట్టుకి అటు పుట్టినా ఇటు పుట్టినా ఒక్క రక్తమే. గురుబారి ఆ క్షణం నుంచి ఆమెని నానీ అని పిలిచింది. నానీ అంటే వాళ్ల భాషలో అక్క. పిల్లలూ తోబుట్టువులూ లేని కనక ఆ పిలుపుకి పొంగిపోయింది. దీన్ని మా ఇంటికి తీసుకుపోతాను, ఎవడడ్డమొస్తాడో చూస్తాను అనుకుంది.

దారి కూడా ఉంది. ఇక్కడ బంధువులుంటే, వాళ్లొచ్చి సంతకం పెట్టి తీసుకుపోవచ్చు. ఎవరూ లేనివాళ్లని సెలవులు అయ్యేలోగా లారీ ఎక్కించి సొంత ఊళ్లలో దించేస్తారు. అదీ ఆర్డరు. అప్పటికే తొమ్మిది మంది అలా బయటపడ్డారు. తమ గోత్రమేనని ఊళ్లోని భీముడు ఒక కుటుంబాన్ని తన ఇంట్లో పెట్టుకున్నాడు. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు జగన్నాథరావు బంధువు అని రాసుకుని ఊరుకున్నాడు.

కనక వంతు వచ్చింది. దుబాసీ కూడా ఆమే.

“ఈవిడ నీకేమవుతుంది?”

“సెల్లెలు బాబూ.”

“చెల్లెలంటే? పిన్ని కూతురా, పెదనాన్న కూతురా?”

“కాదు బాబూ. సొంత సెల్లెలు.”

ఆమె అబద్ధమాడలేదు. తన గోత్రం కన్నా సొంతం ఇంకేముంది ఆమెకి? ఆఫీసరు అలాగే రాసుకుని తండ్రి పేరు అడిగాడు. కిల్లో బుద్రు అంది కనక. అదే ప్రశ్న గురుబారిని అడిగి, జవాబు విని, ఒక్క అక్షరం మార్చకుండా తెలుగులో చెప్పింది. “దీని అయ్య కిల్లో మంగ్లు అంట.”

పెన్ను ఆగింది. “సొంత అక్కాచెల్లెళ్లకి ఇద్దరు తండ్రులేమిటే?”

“తల్లులూ ఇద్దరే బాబూ” అంది కనక, ఇంత చిన్న విషయం ఈయనకెందుకు అర్థం కాదా అని విస్తుపోతూ. “మాది కిల్లో, పులి గోత్రం కదా.”

“నన్ను వెర్రివాణ్ని చేస్తున్నావా? ముందు వెళ్లిన తొమ్మిది మందీ ఇలాంటి బంధువులేనా?”

అయ్యో, అక్కడ నోరు కట్టేసుకుని ఉంటే ఎంత బాగుండేది! కనక ఆశగా ముందుకి వంగింది. “అవును బాబూ! అందరూ ఇలాగే. భీముడూ అంతే, కావాలంటే అడగండి.”

మర్నాడు పొద్దెక్కేసరికి ఆ తొమ్మిది మందినీ ఇళ్లలోంచి పట్టుకొచ్చి మళ్లీ గేటు లోపల వేశారు. జీపు వెనకాలే పరిగెత్తుకొచ్చిన భీముడు కనకని చూసి నెత్తి బాదుకున్నాడు. “ఏటి సేసినావే కనకా! నిన్నెవులు సెప్పమన్నారు?”

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం లారీ వచ్చింది. దారిలో తినడానికి పులిహోర పొట్లాలు కట్టించాడు పాస్టరు. ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశాడు. అడ్డం మాత్రం పడలేదు.

జగన్నాథరావు కాగితం పట్టుకుని గురుబారి దగ్గర ఆగాడు. “మీరింకా అక్కాచెల్లెళ్లమనే అంటే తప్పుడు సాక్ష్యానికి కనక మీద కేసు పెడతాను, కాదంటే వదిలేస్తాను. చివరిసారి అడుగుతున్నాను. ఈమె నీకేమవుతుంది? కనకా, ఉన్నదున్నట్టు అడుగు.”

కనక అడిగింది. కేసు మాట కూడా దాచకుండా చెప్పింది. గురుబారి కూతుర్ని ఒక చంక నుంచి మరో చంకకి మార్చుకుంది. కనకని ఒక్కసారి కళ్లనిండా చూసి, తల అడ్డంగా ఊపి, తన భాషలో రెండే రెండు మాటలు అంది.

“ఏమంటోంది? త్వరగా చెప్పు.”

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

“దానికి నానేటీ కానంట బాబూ” అంది.