కోత పండుగలో ఆల్ప్స్ ఆపిల్

ఆల్ప్స్ కొండల కింద ఆపిల్ తోటల ఊరొకటి ఉందని షెరిన్‌కి చెప్పింది సుసన్నే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి మరి, ఏం చేస్తాం!

దోహాలో, అల్ ముంతజా పేటలో క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుని సుసన్న రెండేళ్ళుగా ఆ ఊరి వీడియోలే చూస్తోంది. చేతికందేంత పొట్టి చెట్లు, వాటి వెనక మంచుకొండలు. రైతులే తమ ఇళ్ళలో గదులు అద్దెకిస్తారు. పొద్దున్నే బుట్ట చేతికిచ్చి కోసుకోమంటారు. ట్రాక్టరు మీద తోటంతా తిప్పుతారు. కోతలయ్యాక ఒక పిల్లని ఆపిల్ రాణిని చేసి కిరీటం పెడతారు. "వచ్చే ఏడాది మేం వెళ్తున్నామే," అని షెరిన్ చెవిన వేసింది. తణుకు దగ్గర ఒకే ఊళ్ళో, ఒకే సండే స్కూల్లో పెరిగిన స్నేహం కదా.

ఈ సెప్టెంబరులో షెరిన్ వెళ్ళొచ్చేసింది.

మాట మాత్రమైనా చెప్పలేదు, ఫోటోలు పెట్టింది. బుట్టతో షెరిన్, ట్రాక్టరు మీద షెరిన్, ఆపిల్ రాణి పక్కన పళ్ళికిలిస్తూ షెరిన్. సుసన్న ఒక్కో ఫోటో పెద్దది చేసి మరీ చూసింది.

"నా ఊరు ఎత్తుకుపోయిందండీ!" అని మొగుడి దగ్గర ఏడ్చింది.

వెస్ట్ బేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే ధర్మరాజు నవ్వాడు. "ఊరెక్కడికి పోతుందే? డబ్బా నిండనీ, మనమూ వెళ్దాం."

వంటింట్లో బియ్యం వెనక దాచిన బిస్కెట్ల డబ్బా అది. ఆవిడ చీరలు మానుకుని, ఆయన కారు టైర్లు మార్చకుండా లాక్కొస్తూ అందులో వేసిన రియాళ్ళతో దాదాపు నిండింది.

అక్టోబరు చివర్లో, అక్కడ సెలవు రోజైన శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక కోత పండుగ వచ్చింది. గోదావరి జిల్లాల్లో అయితే వరి మోపులు, కోడిపుంజులు దేవుడికిచ్చి వేలం పాడతారు. దోహాలో పొలాలెక్కడివి? బాల్కనీ కరివేపాకు, ఆవకాయ జాడీ, ఏది ఉంటే అది తెస్తారు. వచ్చిన డబ్బు పేదలకు పోతుంది గనక సరుకు విలువ ఎవరూ చూడరు. వేలం వేసేది ఏటా ధర్మరాజే. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు.

షెరిన్ అల్ అజీజియాలోని తన ఇంటి నించి పట్టుగుడ్డలో చుట్టి ఒకే ఒక్క ఆపిల్ తెచ్చింది. "నా చేత్తో కోశానండి, చెట్టు కింద నిలబడి," అంది అందరి వైపూ తిరిగి.

సుసన్న చెయ్యి దానంతటదే లేచింది. "యాభై!"

"వంద," అన్నాడు షెరిన్ మొగుడు ఏబెల్. ఎవరి వస్తువు వాళ్ళే పాడి ధర పెంచడం వేలంలో మామూలే. సుసన్నకి మాత్రం అది వెక్కిరింతలా తోచింది.

అతను నవ్వుతూ పెంచాడు, ఈవిడ పళ్ళు బిగించి పెంచింది. హాలంతా చప్పట్లు. ధర్మరాజు కళ్ళతోనే బతిమాలాడు. వేలం వేసేవాడు పదిమందిలో పెళ్ళాన్ని నోరు మూసుకోమనగలడా? వెయ్యి దాటాక షెరిన్ మొగుడి చొక్కా పట్టి లాగింది.

"పాపం, వదిలెయ్యండి. దానికి కావాలంట."

ఏబెల్ కూర్చున్నాడు. పాట అక్కడితో సుసన్నదే. కానీ ఆ 'పాపం' ఆమెని నిలువునా కాల్చింది. పోటీకి ఎవరూ లేకపోయినా, తన పాట మీద తనే పాడింది.

"తొమ్మిది వేలు!"

డబ్బాలో ఉన్నదంతా అంతేనని ఆవిడ కాక అక్కడ ఒక్క ధర్మరాజుకే తెలుసు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి అన్నది ముందు వరసకి కూడా వినపడలేదు.

ఇంటికొచ్చాక డబ్బా ఖాళీ చేసి కవరులో పెట్టారు. సుసన్న ఆపిల్ ముందేసుకుని కూర్చుంది. చప్పగా ఉంటే బాగుండు, పిండిపిండిగా ఉంటే ఇంకా బాగుండు, అలాంటి కాయల ఊరికి వెళ్ళకపోతేనేం అనుకోవచ్చు. అలా అనుకుంటూనే కొరికింది. కరకరలాడింది. తియ్యటి రసం, చివర్లో కాస్త పులుపు, మోచేతి దాకా కారింది.

"ఎలా ఉందే?"

"చాలా బాగుందండీ," అని భోరుమంది.

ధర్మరాజు ఖాళీ డబ్బాకి మూత పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. "అయితే మెల్లిగా తిను," అన్నాడు. "మన ట్రిప్పు ఇదే."