పొద్దుటి కొలత

ముప్పై ఏళ్లు ఊరందరికీ కొలతలు తీసి బట్టలు కుట్టినదాన్ని. కీళ్లవాతం నా వేళ్లను పట్టుకున్నాక మూడు నెలలుగా మా వదినే నాకు స్నానం చేయిస్తోంది. ఆవిడది మంచి మనసే, కాదనను. కానీ చేతికి మహా తొందర. ఒళ్లు తడిసిందో లేదో, తువ్వాలు కప్పేస్తుంది. ఇప్పుడు ఆవిడ భుజం కూడా పట్టేసింది. సోమవారం నుంచి రమ్మని ఒక ఆయాని మాట్లాడింది. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు బట్టలు విప్పి కూర్చోవాలంటే నాకు చచ్చేంత సిగ్గేసింది.

"నా స్నానం నేనే చేసుకుంటాను," అన్నాను.

"సబ్బే పట్టుకోలేవు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట!"

పట్టుకోలేకపోతే తొడుక్కుంటాను. పాత తువ్వాలుతో చేతి తొడుగు కుట్టి, అరచేతి వైపు సబ్బుకి జేబు పెట్టాను. వీపుకి ఒక పొడుగు పట్టీ, దాని రెండు కొసలకీ మణికట్టు దూరేటంత వలయాలు. వేళ్లు కాస్త మాట వినేది సాయంత్రాలే కాబట్టి, నాలుగు సాయంత్రాలు పట్టింది.

శనివారం పొద్దున తొడుగు చేతికి ఎక్కలేదు. వదిన పకపకా నవ్వింది.

"ఊరందరి కొలతలూ తీస్తావు, నీ చెయ్యి పొద్దున్నే వాస్తుందని తెలీదా?"

ఒళ్లు మండిపోయింది. సాయంత్రం కొలతతో కుట్టాను మరి! ఆ రోజే పక్క కుట్టు విప్పి, రెండు వేళ్ల వెడల్పు గుడ్డ అతికాను.

ఆదివారం వదిన షరతు పెట్టింది. తలుపు గడియ వేయకూడదు. ఒక్కసారి పిలిచినా రేపు ఆయా వస్తుంది.

స్టూలు మీద కూర్చున్నాను. తొడుగు ఎక్కింది. చిన్న మగ్గుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోసుకున్నాను. వీపు రుద్దుకుంటుంటే పట్టీ జారి కిందపడింది. "వదినా" అన్న పిలుపు నోటిదాకా వచ్చింది. మింగేశాను. పట్టీని కాలితో దగ్గరికి లాక్కుని, మెల్లగా వంగి, వలయంలోకి మణికట్టు దూర్చి ఎత్తాను. నొప్పికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. వీపు మాత్రం మొత్తం రుద్దుకున్నాను.

"అయిందా?" బయటి నుంచి వదిన.

"అయింది."

"మరి రావేం?"

"ఇంకాసేపు పోసుకుంటాను. హాయిగా ఉంది."

నిజంగానే హాయిగా ఉంది. మూడు నెలల్లో మొదటిసారి నీళ్లు నా ఇష్టం వచ్చినంతసేపు నా భుజాల మీంచి జారాయి. అంతలో బయట వదిన ఫోనులో మాట్లాడటం వినిపించింది. వీధి చివరిదాకా వినపడే గొంతు.

"రేపు రానక్కర్లేదమ్మా. మా ఆడపడుచు స్నానం తనే చేసుకుంటుంది."